పెరటి ఆవిరి బండికి వంటగ్యాసూ వద్దు, బోరు నీళ్లూ వద్దు

సంపాదకులు గారికి,

నమస్కారం. పెరటి తోటల్లో నడిపే చిన్న ఆవిరి రైళ్ల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాం. ఇవి బ్యాటరీ బొమ్మలు కావు, నిజంగానే నీళ్లు కాగి, ఆవిరి పుట్టి, పిస్టన్లు ఆడి నడిచే ఇంజన్లు. ఇలాంటివి ఉన్నాయని మన సీమ జిల్లాల పాఠకులకు చెప్పినందుకు సంతోషం. అయితే అందులో రెండు మాటలు అలా వదిలేయదగ్గవి కావు. ఇంజను గ్యాస్ ట్యాంకును ఇంట్లోని వంట సిలిండర్ నుంచి నింపుకోవచ్చన్నది ఒకటి. బాయిలర్లో ఇంటికొచ్చే ఏ నీళ్లయినా పోయొచ్చన్నది రెండోది. మొదటిది మనిషికి ముప్పు, రెండోది ఇంజనుకు ముప్పు. వేసవి సెలవుల్లో ఎవరైనా ఆ మాటలు నమ్మి పనికి దిగకముందే వాటిని సవరించవలసిందిగా కోరుతున్నాం.

ఈ విద్య మీద రాసిన సూచనల్లో చాలావరకు ఇంగ్లండు నుంచి వచ్చినవే. అక్కడి చలికీ తేమకూ అవి సరిపోతాయి. కర్నూలు ఎండలో, అనంతపురం గాలిలో, కడప బోరు నీళ్లతో వాటిని ఉన్నదున్నట్టు పాటిస్తే కొన్ని పూర్తిగా తిరగబడతాయి. మీ వ్యాసం ఆ తేడా చెప్పలేదు కాబట్టి ఈ ఉత్తరం కాస్త పొడుగైంది.

ముందు గ్యాస్ సంగతి. ఈ చిన్న ఇంజన్లలో ఎక్కువ భాగం బ్యూటేన్‌తో నడుస్తాయి. లైటర్లలో నింపుకునే డబ్బాల్లో, క్యాంపింగ్ స్టవ్వుల 220 గ్రాముల డబ్బాల్లో దొరికేది అదే. మన వంట సిలిండర్లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన గ్యాస్. ద్రవరూపంలో ఉన్న గ్యాస్ ఒత్తిడి ఎంతన్నది చుట్టూ ఉన్న వేడిని బట్టి మారుతుంది. 20 డిగ్రీల దగ్గర బ్యూటేన్ ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 15 పౌండ్లు. 40 డిగ్రీలకు అది దాదాపు 40 పౌండ్లవుతుంది. అదే 40 డిగ్రీల దగ్గర ప్రొపేన్ 180 పౌండ్లు దాటుతుంది. ఇంజను క్యాబులో, అంటే డ్రైవరు గదిలో, అరచేతిలో పట్టేంత ట్యాంకు ఉంటుంది. దాని నింపుడు వాల్వు, లోపలి రబ్బరు రింగులు బ్యూటేన్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి. బ్రిటన్‌లో చలికాలం కోసం 70 పాళ్ల బ్యూటేన్, 30 పాళ్ల ప్రొపేన్ కలిసిన డబ్బాలు అమ్ముతారు. ఇక్కడ వాటితో కూడా మనకు పని లేదు.

రెగ్యులేటర్ పెట్టుకునే నింపుతాం కదా అని ఎవరైనా అనవచ్చు. వంట సిలిండర్ రెగ్యులేటర్ ఒత్తిడిని 30 మిల్లీబార్ల దాకా దించేస్తుంది. ఆ కాస్త ఒత్తిడితో ఇంజను ట్యాంకులోకి ద్రవం చేరదు, బర్నర్‌కు గ్యాస్ చిమ్మే సన్నటి రంధ్రపు జెట్‌తో మంట నిలబడదు. రెగ్యులేటర్ తీసేసి సిలిండర్ తలకిందులు చేసి పడితే పైన చెప్పిన ఒత్తిడంతా ఒక్కసారి మీదికొస్తుంది. పైగా ఒక సిలిండర్లోంచి ఇంకో పాత్రలోకి గ్యాస్ వంపుకోవడం చట్టరీత్యా నేరం. ఏ దారిన వెళ్లినా వంట సిలిండర్ ఇందుకు పనికిరాదు.

బ్యూటేన్‌తో నింపేటప్పుడు కూడా పద్ధతి ఉంది. ఇంజను చల్లగా ఉండాలి, నీడలో ఉండాలి. దగ్గర్లో, అంటే నాలుగు బారల లోపు, మరే ఇంజనూ మండుతూ ఉండకూడదు. డబ్బాను తలకిందులుగా నిలువుగా పట్టి ముక్కును వాల్వు మీద నొక్కితే ద్రవం ట్యాంకులోకి దిగుతుంది. వాల్వు పక్కనుంచి తెల్లగా ద్రవం చిమ్మడం మొదలైతే నిండినట్టే, వెంటనే ఆపాలి. ద్రవం వ్యాకోచించడానికి పైన కొంత ఖాళీ మిగిలేలా వాల్వు లోపలి గొట్టం పొడవు పెట్టి ఉంటుంది. అందుకని ఇంకాస్త పడుతుందేమోనని వాల్చి కుదిపి నింపకూడదు. బ్యూటేన్ గాలి కంటే బరువైనది కనుక మెట్ల కింద, సంపు పక్కన, పల్లపు మూలల్లో నిలిచిపోతుంది. మిద్దె మీదో, గాలి ఆడే పెరట్లోనో నింపాలి. రెండు నిమిషాలు ఆగి, చిమ్మిన గ్యాస్ ఎగిరిపోయాకే అగ్గిపుల్ల తీయాలి.

ఇంగ్లండు సూచనలు తిరగబడేది సరిగ్గా ఇక్కడే. గ్యాస్ ఆవిరయ్యే కొద్దీ ట్యాంకు చల్లబడి మంట తగ్గిపోతుంది కనుక అక్కడివాళ్లు ట్యాంకు చుట్టూ గోరువెచ్చని నీళ్లు పోస్తారు. మన ఏప్రిల్‌లో సమస్య దానికి సరిగ్గా ఎదురు. 20 డిగ్రీలతో పోలిస్తే 40 డిగ్రీల దగ్గర అదే వాల్వు తెరుపుకు గ్యాస్ దాదాపు రెట్టింపు పారుతుంది. మంట బర్నర్ మీద కూర్చోకుండా పైకి లేచి ఊళ వేస్తుంది, లేదా ఇంజను ముందు భాగంలో, పొగగొట్టం కింద ఉండే పొగపెట్టెలో కూర్చుని మండుతుంది. ట్యాంకు బాయిలర్‌కు ఆనుకుని ఉన్న ఇంజన్లలో బాయిలర్ వేడెక్కే కొద్దీ మంట తనంతట తాను పెరుగుతూ పోతుంది. మొదటి అయిదు నిమిషాల్లో సరిగ్గా పెట్టిన వాల్వును పదో నిమిషంలో మళ్లీ కొంచెం బిగించాల్సిందే. ట్యాంకు మీద తడిగుడ్డ చుట్టడం మంచి ఉపాయం. ఇంజను వెనక తగిలించే పెట్టెలో (టెండర్), నీటి తొట్టిలో కూర్చునే ట్యాంకయితే ఆ తొట్టిలో కుండ నీళ్లు పోస్తే చాలు. గ్యాస్ డబ్బాలను స్కూటర్ డిక్కీలోనూ, ఎండలో ఆపిన కారులోనూ ఉంచకండి.

వెలిగించే తీరు: గ్యాస్ వాల్వు సన్నగా, చెవికి సర్రుమన్న శబ్దం వినిపించేంత మాత్రమే తెరిచి, పొగగొట్టం పైన మంట చూపాలి. మంట టప్పుమని వెనక్కి దూకి, బాయిలర్ మధ్య గొట్టంలో ఉన్న బర్నర్ మీద కూర్చుంటుంది. కూర్చోకుండా పొగపెట్టెలోనే నీలంగా మండుతుంటే వెంటనే కట్టేయాలి. అలాగే వదిలితే పొగపెట్టె రంగు ఊడిపోతుంది, సోల్డరు కరుగుతుంది. చాలాసార్లు కారణం వాల్వు మరీ ఎక్కువ తెరవడమే. అది కాకపోతే జెట్ సగం మూసుకుపోయి ఉంటుంది. జెట్ రంధ్రం మిల్లీమీటరులో అయిదో వంతు దరిదాపుల్లో ఉంటుంది, దాన్ని సూదితో గానీ తీగతో గానీ పొడవకూడదు. ఒక్కసారి రంధ్రం పెద్దదైతే ఆ జెట్ పారేయాల్సిందే. విప్పి థిన్నర్లో నానబెట్టి, వెనకవైపు నుంచి గ్యాస్ డబ్బాతోనే ఊదితే చెత్త పోతుంది. అనంతపురం వైపు ఆషాఢం గాలులకు లేచే సన్నటి ఎర్రదుమ్ము బర్నర్ గాలి రంధ్రాల్లోకి కూడా చేరుతుంది. ఇంజను పెట్టెలో పెట్టేటప్పుడు పొగగొట్టానికి గుడ్డ కుక్కితే ఈ బెడద సగం తగ్గుతుంది.

గ్యాస్ దొరకని చోట స్పిరిట్ దీపం ఇంజన్లు వాడేవాళ్లున్నారు. వాటి గురించి ఒక్క మాటే చెబుతాం. పట్టపగలు స్పిరిట్ మంట కంటికి కనిపించదు. ఒలికిన స్పిరిట్ పట్టాల మీద మండుతున్నా తెలియదు. పక్కన బకెట్ నీళ్లు, తడి గోనెసంచి లేకుండా వాటి జోలికి పోవద్దు.

ఇక నీళ్లు. బాయిలర్లో నీళ్లు ఆవిరై పోతాయి కానీ వాటిలో కరిగిన సున్నం, ఉప్పు పోవు. లీటరుకు 1000 మిల్లీగ్రాముల లవణాలున్న బోరు నీళ్లు పావు లీటరు ఆవిరైతే లోపల పావు గ్రాము మిగులుతుంది. వంద విడతలకు 25 గ్రాములు. అంతా కలిపి పావు లీటరో, మూడొందల మిల్లీలీటర్లో పట్టే రాగి గొట్టంలో అది తక్కువేమీ కాదు. గీజరు కాయిల్‌కు పట్టే తెల్లటి పెచ్చు చూసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. వేడి నీటికి అందకపోవడం ఒక నష్టం. అంతకంటే ముఖ్యమైనది, ఆ పొడి నీటిమట్టం చూపే గాజు గొట్టం దారులను మూసేస్తుంది, ఒత్తిడి మించితే ఆవిరిని బయటికి వదిలే సేఫ్టీ వాల్వు గూట్లో చేరి దాన్ని అంటుకుపోయేలా చేస్తుంది. గాజులో నీళ్లు సగం కనిపిస్తుంటాయి, లోపల మాత్రం అడుగంటి ఉంటాయి. ఆవిరి ఒత్తిడి 40 పౌండ్లకు చేరగానే లేవాల్సిన సేఫ్టీ వాల్వు లేవదు. ఈ రెండూ ఒకే రోజు జరిగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

మనకు అన్నిటికంటే మంచివి వాన నీళ్లు. మొదటి వాన మిద్దెను కడిగి పోనిచ్చి, ఆ తర్వాతి వానలో స్టీలు బిందెలో పట్టి, నూలు గుడ్డతో రెండుసార్లు వడగట్టి ఉంచుకుంటే ఏడాది పొడుగునా సరిపోతాయి. ఇంజను తాగేది విడతకు పావు లీటరే కదా. ఏసీ గొట్టంలోంచి కారే నీళ్లలో సున్నం ఉండదు, దుమ్ము మాత్రం ఉంటుంది. వడగట్టి వాడొచ్చు. ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లు బోరు నీళ్లకంటే ఎంతో నయం, అయినా వాటిలో లవణాలు పూర్తిగా పోవు. బ్యాటరీ దుకాణంలో డిస్టిల్డ్ వాటర్ కొనేవాళ్లు సీసా మీద పేరు రెండుసార్లు చదవాలి. అదే అరలో బ్యాటరీ యాసిడ్ సీసాలు కూడా ఉంటాయి.

ఇప్పటికే బోరు నీళ్లు పోసి సున్నం పట్టించుకున్నవాళ్లకు నిమ్మ ఉప్పు ఉంది. పావు లీటరు గోరువెచ్చని నీళ్లలో 12 గ్రాములు కలిపి, బాయిలర్లో పోసి, మూత పెట్టకుండా గంటసేపు ఉంచాలి. బుడగలు ఆగాక వంపేసి, మంచినీళ్లతో నాలుగుసార్లు కడగాలి. మంట పెట్టకూడదు. పట్టింది ఎక్కువైతే మర్నాడు మళ్లీ చేయొచ్చు. బాత్రూములు కడిగే యాసిడ్ మాత్రం చుక్క కూడా వద్దు. అది ఇత్తడి బిగింపుల్లోని జింకును తినేసి వాటిని గుల్ల చేస్తుంది.

నూనె గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్కా లేదు. ఇంజను పాడయ్యేది మాత్రం చాలాసార్లు అక్కడే. 40 పౌండ్ల దగ్గర ఆవిరి వేడి సుమారు 141 డిగ్రీలు. ఆ తడి వేడిలో బైకు ఇంజనాయిల్ నీళ్లతో కలిసి నురగై కొట్టుకుపోతుంది. కావాల్సింది 460 గ్రేడు స్టీమ్ సిలిండర్ ఆయిల్, జిడ్డుగా, తేనె రంగులోనో నల్లగానో ఉంటుంది. కొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. 460 అని అడిగితే గేరు ఆయిల్ ఇచ్చే అవకాశం ఉంది. గేరు ఆయిల్‌లో గంధకం కలిసిన మందులు ఉంటాయి, వేడిలో అవి ఇత్తడిని, కంచును తినేస్తాయి. సిలిండర్ ఆయిల్ అని చెప్పి అడగాలి. ఇంజనులో ఉండే చిన్న నూనె డబ్బా పనిచేసే తీరు తెలిస్తే దాన్ని నిర్లక్ష్యం చేయరు. దారిలో వెళ్లే ఆవిరి కొంచెం డబ్బాలో చేరి నీరై అడుగుకు దిగుతుంది. ఆ మేరకు పైనున్న నూనె ఎత్తి, ఆవిరితోపాటు పిస్టన్లు ఆడే సిలిండర్లలోకి పోతుంది. ఆట ముగిసేసరికి డబ్బాలో నూనెకు బదులు నీళ్లుంటాయి. ప్రతి విడతకూ ముందు ఆ నీళ్లు తీసేసి కొత్త నూనె పోయాలి, అంచు దాకా కాకుండా పిసరంత ఖాళీ వదలాలి. పొగగొట్టం చుట్టూ సన్నటి నూనె తుంపర పడుతోందంటే సిలిండర్లకు నూనె అందుతున్నట్టు. పొడిగా ఉందంటే వెంటనే ఆపి చూడాలి. బయటి కడ్డీల కీళ్లకు మాత్రం కుట్టుమిషన్ నూనె చాలు, కీలుకో చుక్క.

నడిపే క్రమంలో తప్పులు దొర్లే చోట్లు కొన్నే. బాయిలర్‌ను నిండా నింపి, ఆ తర్వాత సిరంజితో 30 మిల్లీలీటర్లు వెనక్కి లాగాలి. ఆ ఖాళీ లేకపోతే ఆవిరికి బదులు నీళ్లే సిలిండర్లలోకి పోతాయి. మామూలుగా గ్యాస్ ట్యాంకు పరిమాణం నీళ్లకంటే ముందే గ్యాస్ అయిపోయేలా పెడతారు. అదే అసలు రక్షణ. నీళ్లు చూడకుండా రెండోసారి గ్యాస్ నింపితే ఆ రక్షణ పోయినట్టే. నీళ్లను లోపలికే పోనిచ్చే గుడాల్ వాల్వు ఉన్న ఇంజన్లకయితే ఆవిరి ఉండగానే చేతిపంపు సీసాతో నీళ్లు ఎక్కించొచ్చు. లేనివాటికి ప్రెషర్ సున్నా అయ్యాకే మూత తీయాలి. మీ వ్యాసం ఒక్క విడతకు గంటన్నర నడుస్తుందంది. చిన్న ఇంజన్లలో 20 నుంచి 30 నిమిషాలు సబబైన లెక్క.

ఎండాకాలం అయిదారు నిమిషాల్లోనే 40 పౌండ్లకు చేరుతుంది. సేఫ్టీ వాల్వు లేచి, రెండు మూడు పౌండ్లు దిగగానే మళ్లీ మూసుకోవాలి. వాల్వు లేచి ఉన్నా ప్రెషర్ గేజీ ముల్లు పైకే పోతుంటే గ్యాస్ కట్టేసి దూరంగా జరగడమే, వాల్వును కర్రతో తట్టి చూడొద్దు. ప్రెషర్ వచ్చాక, ఆవిరిని సిలిండర్లలోకి వదిలే ఇంజను రెగ్యులేటర్ ఒక్కసారిగా తెరవకూడదు. చల్లటి సిలిండర్లలో ఆవిరి నీరైపోతుంది, నీరు నలగదు కనుక పిస్టన్ ఆగిపోతుంది. కొత్తవాళ్లు ఇంజను కదలడం లేదని ఇంకా తెరుస్తారు, కడ్డీ వంగుతుంది. రెగ్యులేటర్ సన్నగా తెరిచి, ఇంజనును చేత్తో నాలుగు అంగుళాలు ముందుకీ వెనక్కీ జరిపితే పొగగొట్టంలోంచి నూనె కలిసిన వేడి నీళ్లు చిమ్ముతాయి. మొహం దాని మీదికి వంచకూడదు. చుట్టూ పిల్లలుంటే వాళ్లను ముందే వెనక్కి జరపాలి. చున్నీలు, పైటచెంగులు బిగించుకోవాలి, నైలాన్‌కు ఆ వేడి చాలు.

మరో అపోహ. మే నెల మధ్యాహ్నం నడిపి, పొగ కనిపించడం లేదు, ఇంజను చెడిందని కంగారు పడతారు. మన పొడి వేడిలో ఆవిరి బయటికి రాగానే కలిసిపోతుంది, కంటికి ఆనదు. తెల్లటి మబ్బు చూడాలనుంటే డిసెంబరులో తెల్లారి ఆరున్నరకు నడపాలి. ఫొటోల కోసం అంతకు మించిన వేళ లేదు.

ఆపేటప్పుడు గ్యాస్ కట్టి, మిగిలిన ఆవిరితో నెమ్మదిగా తిప్పి, ప్రెషర్ సున్నా కాగానే రెగ్యులేటర్ తెరిచి ఉంచాలి, లేదా బాయిలర్ మూత వదులు చేయాలి. ఈ పని మరిచిపోతే చల్లబడే బాయిలర్లో శూన్యం ఏర్పడి నూనె డబ్బాలోని జిడ్డును లోపలికి లాగేసుకుంటుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు నడిపినా నీళ్లు నురగ కట్టి పొగగొట్టంలోంచి పొంగుతూనే ఉంటాయి. కారణం తెలియక మంచి బాయిలర్లను కూడా విప్పేసేవాళ్లున్నారు.

దారి విషయానికొస్తే మనకు పెద్ద వరం నాపరాయి. బేతంచెర్లలో, తాడిపత్రిలో, కడప చుట్టుపక్కల కోత యంత్రాల దగ్గర అంచు పట్టీలు చవగ్గా దొరుకుతాయి. ఎనిమిది అంగుళాల వెడల్పు పట్టీని రెండడుగులకో ఇటుక దిమ్మె మీద పరిస్తే చెదలు పట్టని, వానకు కరగని దారి అవుతుంది. దిమ్మెలు రెండున్నర అడుగుల ఎత్తుంటే నడుం వంచకుండా నూనె పోసుకోవచ్చు. కొయ్య బల్లలు వద్దని మా మాట. చెదలు ఒక్క వానాకాలంలో సంగతి తేల్చేస్తాయి. నల్లరేగడి నేలలో మాత్రం దిమ్మెలను పైపైన కట్టకూడదు. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది, ఆరు నెలల్లో దారి అలలు తిరుగుతుంది. రెండడుగులు తవ్వి గరుసు పోసి దిమ్మిస కొట్టాక కట్టాలి. ఎర్రమన్నులో అంత శ్రమ అవసరం లేదు. మట్టం కోసం దగ్గర్లో రసమట్టం, దూరానికి మేస్త్రీలు వాడే నీటి గొట్టం. మీటరుకు ఒక సెంటీమీటరు మించి ఎగుడు ఉండకపోవడం మంచిది. ఆవిరి ఇంజనుకు వేగం సరిచూసేవాడు ఎవడూ లేడు. ఎగుడులో ఆయాసపడుతుంది, దిగుడులో పరుగెత్తి మలుపులో పడుతుంది. వెనక నాలుగైదు పెట్టెలు తగిలిస్తే ఆ దూకుడు తగ్గుతుంది. ఒంటి ఇంజనును వదలడమే ఎక్కువ ప్రమాదం.

మలుపులు కూడా అంతే. నాలుగు చక్రాల చిన్న ఇంజను 75 సెంటీమీటర్ల వ్యాసార్థంలో తిరుగుతుంది. తిరగడం వేరు, హాయిగా తిరగడం వేరు. 1.2 మీటర్లు ఉంటే రాపిడి తగ్గి, తిన్నటి దారిలోనూ మలుపులోనూ ఒకే వేగంతో పోతుంది. అంటే మూడు మీటర్ల వెడల్పున్న మిద్దె మీద కూడా పడుతుంది. అటూ ఇటూ అర్ధవలయాలు, మధ్య మూడేసి మీటర్ల తిన్నటి దారి పెడితే మొత్తం పదమూడున్నర మీటర్ల పట్టా. మెయిన్‌లైన్ ఇంజన్ల నమూనాలకు మాత్రం మూడు మీటర్ల వ్యాసార్థం కావాలి, వాటికి పొలమో బడి మైదానమో చూసుకోవాలి.

గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం, మీద కొత్తవాళ్లు ఎక్కువ తికమక పడతారు. రెండే గుర్తుంచుకోండి: 45 మిల్లీమీటర్లు, 32 మిల్లీమీటర్లు. డార్జిలింగ్ బండి నమూనా 32 మీద 19కి ఒకటి చొప్పున, అంటే అసలు బండిలో 19వ వంతుగా, కుదురుతుంది. గేజి మార్పిడికి ముందు గుంతకల్లు నుంచి డోన్, నంద్యాల మీదుగా బెజవాడ వైపు మీటర్ గేజి మీద తిరిగిన బండ్లను చేయదలిస్తే 45 మీద 22కి ఒకటి చొప్పున అచ్చంగా సరిపోతాయి. ఆ లెక్కన మీటర్ గేజి ప్యాసింజర్ బండ్లు లాగిన వైపీ రకం ఇంజను టెండర్‌తో కలిపి మూడడుగులకు కాస్త తక్కువ. ఏ గేజి తీసుకున్నా చక్రాల లోపలి అంచుల మధ్య దూరం వెర్నియర్‌తో చూసుకోవాలి. 45కి 40 మిల్లీమీటర్లు, 32కి 28. పట్టాలు తప్పే బండ్లలో పట్టా తప్పు కంటే చక్రం తప్పే ఎక్కువ.

ఆవిరి బండికి పట్టాల్లో కరెంటు అక్కర్లేదు కాబట్టి ఇత్తడే కావాలని లేదు, అల్యూమినియం చాలు. అయితే ఎండకు సాగే గుణం లెక్క వేయాలి. జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీలున్న పట్టా మే మధ్యాహ్నం నల్ల నాపరాయి మీద 65 దాకా కాలుతుందనుకోండి, పది మీటర్ల ఇత్తడి పట్టా తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు సాగుతుంది, అల్యూమినియం పదకొండున్నర. సందు లేకపోతే పట్టా పాములా పక్కకు వంగుతుంది. మీటరు ముక్కల మధ్య, చలికాలం పొద్దున వేస్తే ఇత్తడికి ఒక మిల్లీమీటరు, అల్యూమినియానికి ఇంకాస్త ఎక్కువ చొప్పున సందు వదలండి. ఎండలో వేస్తే అతికించి వేసినా ఫర్వాలేదు. ముక్కకు నడిమధ్య ఒక్కచోటే మరతో బిగించి, రెండు చివర్లూ వదులుగా ఉంచాలి. ప్లాస్టిక్ స్లీపర్లయితే ఎండకు తట్టుకునే రకమేనా అని అడగాలి. మామూలు నల్ల ప్లాస్టిక్ రెండు వేసవులకు పెళుసెక్కుతుంది.

చివరగా బాయిలర్. విదేశీ ఇంజన్ల ధర చూసి ఇక్కడే చేయించుకుందామనుకునేవాళ్లు పెరుగుతున్నారు. అందులో తప్పు లేదు. రెండున్నర అంగుళాల వ్యాసం, 1.6 మిల్లీమీటర్ల మందం ఉన్న రాగి గొట్టం 40 పౌండ్లను తేలిగ్గా తట్టుకుంటుంది. బలహీనత గొట్టంలో లేదు, రెండు చివర్ల బల్లపరుపు మూతల్లో ఉంది. వాటిని కలిపి పట్టే నడిమి కడ్డీలు లేకుండా చేసిన బాయిలర్‌ను ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. అతుకులు ఏసీ మెకానిక్ వాడే ఫాస్ఫరస్ రాడ్డుతో వేయించవద్దు. గంధకం ఉన్న మంట తగిలితే, ముఖ్యంగా బొగ్గు కాల్చేవాటిలో, ఆ అతుకు క్రమంగా తినుకుపోతుంది. 45 శాతమో 55 శాతమో వెండి ఉన్న రాడ్డు అడగాలి. సీసం కలిసిన మెత్తటి తగరం సోల్డరు సుమారు 190 డిగ్రీలకే కరుగుతుంది, నీళ్లు అయిపోయిన బాయిలర్లో అది నిమిషం కూడా నిలవదు.

25 లీటర్ల లోపు పాత్రలు బాయిలర్ల చట్టం కిందికి రావు. తనిఖీకి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు, ఆ పని మనమే చేసుకోవాలి. పంక్చర్ షాపు కంప్రెసర్‌తో గాలి కొట్టించి చూద్దామనే ఆలోచన మానుకోండి. గాలి నలిగి ఉంటుంది, అతుకు విడిచిందంటే పేలుతుంది. నీళ్లు నలగవు, అతుకు విడిస్తే కారి ఊరుకుంటాయి. ఇంటి పైపులైన్లు పరీక్షించడానికి ప్లంబర్లు వాడే చేతిపంపు అద్దెకు దొరుకుతుంది. దాని సొంత గేజీలో చిన్న గీతలు ఆనవు కనుక 160 పౌండ్ల గేజీ ఒకటి విడిగా తగిలించాలి. సేఫ్టీ వాల్వు తీసి ఆ రంధ్రం మూసేసి, లోపల గాలి బుడగ మిగలకుండా వాల్చి వాల్చి నీళ్లు నింపి, కొత్త బాయిలర్‌ను 80 పౌండ్ల దాకా నెమ్మదిగా ఎక్కించి పావుగంట ఉంచాలి. ముల్లు దిగకూడదు, మూతలు ఉబ్బకూడదు. ఉబ్బును కంటితో కాదు, స్టీలు స్కేలు అంచు ఆనించి చూడాలి. ఆ తర్వాత ఏడాదికోసారి 60 పౌండ్ల దగ్గర ఇదే పరీక్ష చేసి, తేదీ ఒక రేకు ముక్క మీద చెక్కి క్యాబు లోపల తగిలిస్తే, ఇంజను చేతులు మారినా కొన్నవాళ్లకు తెలుస్తుంది.

ఇట్లు,
కర్నూలు నుంచి కొందరు ఆవిరి బండి అభిమానులు